లైటు పచ్చగానే ఉంది, కానీ రూటర్ రిటైరైపోయింది: పాత వైఫై డబ్బా, బ్యాకప్ డబ్బా ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి?

యర్రగొండపాలెం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, అన్‌బాక్సింగ్ లేదు. టేబుల్ మీద రెండు పాత డబ్బాలున్నాయి, అంతే. వీడియో చూడకుండా చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా: ఒకటి రెండు యాంటెన్నాల తెల్ల వైఫై రూటర్. 2016లో, నేను బీటెక్‌లో ఉన్నప్పుడు కొన్నాం. రెండోది నల్లగా, ఇటుకంత ఉంటుంది. లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, రూటర్‌కి తీగతో తగిలిస్తే ఇంట్లో అందరి ఫొటోలు అందులోకి ఎక్కించుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చా. కంపెనీ పేర్లు చెప్పను. ఎందుకంటే తప్పు డబ్బాది కాదు, నాది. అది కూడా చెప్తా.

మా ఇంట్లో ఏం జరిగిందంటే

మా అవ్వ పోయి ఏడాది దాటింది. చిన్నప్పుడు ఆమె మార్కాపురంలో పలకల పనికి వెళ్లేది. మన మార్కాపురం పలకల సంగతి మీకు తెలుసు కదా, దేశమంతా పిల్లలు వాటి మీదే ఓనమాలు దిద్దారు. ఆ రోజుల గురించి ఆమె చెప్తుంటే నేను ఒకసారి ఫోన్‌లో పదకొండు నిమిషాలు వీడియో తీశా. తర్వాత ఫోన్ నిండిపోయింది. "స్టోరేజ్ ఫుల్" అని రోజూ గోల. అన్నీ ఆ నల్ల డబ్బాలోకి ఎక్కించి, ఫోన్‌లో డిలీట్ కొట్టేశా. బ్యాకప్ అయిపోయింది అనుకున్నా.

సంవత్సరీకానికి వారం ముందు నాన్న అడిగారు, "ఒరే, అవ్వ మాట్లాడింది ఉంది గదా, ఆరోజు టీవీలో పెట్టరా, అందరూ చూస్తారు" అని. సరేనని డబ్బా ఆన్ చేశా. టక్, టక్, టక్ అని శబ్దం. ఎండాకాలంలో మా దగ్గర కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఎన్నోసార్లు పోయినప్పుడు డిస్క్ దెబ్బతిందో నాకే తెలీదు. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే కొన్ని ఫొటోలు వచ్చాయి. ఆ వీడియో రాలేదు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సర్వర్లకి బ్యాకప్ పెట్టడం నా ఉద్యోగంలో భాగం. ఇంట్లో మాత్రం చేసింది ఇది. అందుకే ఈ ఎపిసోడ్.

కంపెనీ ఆపేసింది అంటే ఏంటి?

ఇది చాలామందికి క్లియర్‌గా ఉండదు. ఒక డబ్బాకి మూడు చావులుంటాయి. మొదటిది, కంపెనీ దాన్ని తయారు చేసి అమ్మడం ఆపేస్తుంది. రెండోది, దాని సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్లు ఆపేస్తుంది. మూడోది, డబ్బా కాలిపోయి నిజంగా పోతుంది. మనం మూడోదాన్ని మాత్రమే చావు అనుకుంటాం. నాన్న కూడా అదే అన్నారు: "లైటు పచ్చగా ఎలుగుతానే ఉంది గదరా, మళ్లీ కొత్తదెందుకు, డబ్బులు దండగ?"

కానీ అసలు ప్రమాదం రెండో చావులో ఉంది. ఎందుకంటే రూటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. దానికీ ప్రాసెసర్ ఉంటుంది, మెమరీ ఉంటుంది, చాలావాటిలో లినక్స్ నడుస్తుంటుంది. మన ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినట్టే దానికీ రావాలి. ఇంటర్నెట్‌కీ మన ఇంటికీ మధ్య గుమ్మంలో నిలబడేది అదే. గడియలో లోపం ఉందని ఊరంతా తెలిసిపోయాక, బాగుచేసే వడ్రంగే లేకపోతే ఏమవుతుంది? తలుపు మూసినట్టే కనిపిస్తుంది, అంతే.

ఒక ఉదాహరణ. ఆపిల్ 1999లో ఎయిర్‌పోర్ట్ అనే వైఫై డబ్బా తెచ్చింది. 2008లో టైమ్ క్యాప్సూల్ అని ఇంకోటి తెచ్చింది, అందులో రూటర్, బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే డబ్బాలో ఉండేవి. 2018 ఏప్రిల్‌లో ఈ మొత్తం వ్యాపారాన్నే ఆపేస్తున్నామని ప్రకటించింది. 2019లో కూడా వాటికి సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చింది. అంటే అమ్మకం ఆగిన రోజూ, అప్‌డేట్ ఆగిన రోజూ ఒకటే కాదు. ఆ మధ్య కాలమే మనకి దొరికే టైమ్. మెల్లగా, కంగారు పడకుండా మార్చుకోవడానికి.

నిజంగా ఎవరికైనా నష్టం జరిగిందా?

జరిగింది. మూడు చెప్తా.

2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ అనే బ్యాకప్ డబ్బాలు వాడుతున్నవాళ్లు పొద్దున్నే లేచి చూస్తే అన్నీ ఖాళీ. ఎక్కడో కూర్చుని ఎవరో వాటిని ఇంటర్నెట్ నుంచే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. తడిగుడ్డతో పలక తుడిచినట్టు. 2010లో వచ్చిన ఆ డబ్బాకి చివరి అప్‌డేట్ 2015లో. అంటే ఆరేళ్లపాటు లైటు పచ్చగానే వెలిగింది. వెంటనే ఇంటర్నెట్ తీగ పీకేయండి అని కంపెనీ చెప్పాల్సి వచ్చింది.

2024 ఏప్రిల్‌లో డీ-లింక్ వాళ్ల పాత బ్యాకప్ డబ్బాల్లో పెద్ద లోపం బయటపడింది. అప్పటికి 92 వేలకు పైగా డబ్బాలు ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నాయని దాన్ని కనిపెట్టిన రీసెర్చర్ చెప్పాడు. కంపెనీ జవాబు ఒక్కటే: వీటి కాలం అయిపోయింది, రిపేర్ అప్‌డేట్ రాదు, తీసేసి కొత్తవి పెట్టుకోండి.

2025 మేలో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరిక ఇచ్చింది. లింక్సిస్ ఈ1200, ఈ2500 లాంటి పాత రూటర్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వాటిని అద్దెకిచ్చే వ్యాపారం నడుస్తోందని. రూటర్‌ని అద్దెకివ్వడం ఏంటి అంటారా? నేరం చేసేవాడు తన అడ్రస్ కనిపించకుండా మీ ఇంటి ఇంటర్నెట్ గుండా వెళ్తాడు. అవతల కనిపించేది మీ ఇంటి ఐపీ అడ్రస్. మీకేమో నెట్ కాస్త స్లోగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

మన దేశంలో దీని కోసం సెర్ట్-ఇన్ కింద సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని 2017లో మొదలుపెట్టారు. ఫోన్‌కీ కంప్యూటర్‌కీ పట్టిన దొంగ సాఫ్ట్‌వేర్‌ని తీసేసే టూల్స్ అక్కడ ఉచితంగా దొరుకుతాయి. గుర్తుపెట్టుకోండి.

మీ డబ్బా వయసు ఎలా తెలుసుకోవాలి?

ముందు మీ ఇంట్లో ఏ డబ్బా ఏదో తెలుసుకోండి. మన జిల్లాలో చాలా ఊళ్లకి కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ వచ్చింది. ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోన్ అన్నారు, గుర్తుందా? ఫైబర్ ఎవరిదైనా సరే, ఆ సన్న తీగ వచ్చి గుచ్చుకునే డబ్బాని ఓఎన్‌టీ అంటారు. వెలుతురు రూపంలో వచ్చే సిగ్నల్‌ని మన రూటర్‌కి అర్థమయ్యేలా మార్చేది అదే. అది చాలాసార్లు ఆపరేటర్ ఇచ్చింది, మీరు బజార్లో కొని మార్చేది కాదు. మార్చాలంటే ఆపరేటర్‌ని అడగాలి. కొన్నిట్లో ఓఎన్‌టీ, వైఫై రెండూ కలిసే ఉంటాయి. విడిగా ఉన్న రూటర్ మాత్రం మీ సొంతం, మీ బాధ్యత.

ఇప్పుడు రూటర్‌ని తిరగేయండి. అడుగున స్టిక్కర్ ఉంటుంది. మోడల్ నంబర్, దాని పక్కనే హార్డ్‌వేర్ వెర్షన్, అంటే వీ1, వీ2, వీ3 అని ఉంటుంది. రెండూ ఫొటో తీసుకోండి. ఒకే మోడల్‌లో వీ2కి అప్‌డేట్ ఆగిపోయి, వీ4కి ఇంకా వస్తుండొచ్చు. ఆ నంబర్‌తో కంపెనీ సపోర్ట్ పేజీలోకి వెళ్లి చివరి ఫర్మ్‌వేర్ తేదీ చూడండి. మూడు నాలుగేళ్లుగా ఏమీ రాలేదంటే, లేదా "ఎండ్ ఆఫ్ లైఫ్" అని రాసుంటే, రిటైర్మెంట్ ఆర్డర్ వచ్చినట్టే.

కొత్తది కొనడానికి ఈ నెల డబ్బుల్లేవా? పర్లేదు. ఈ పనులు ఇవాళే చేయండి. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 కొట్టండి, రూటర్ సెట్టింగులు వస్తాయి. లాగిన్ ఇంకా అడ్మిన్, అడ్మిన్ అనే ఉంటే మార్చేయండి. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేయండి, బయటి నుంచి ఎవరూ సెట్టింగుల్లోకి రాకూడదు. డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేయండి. పాస్‌వర్డ్ పద్ధతి కనీసం డబ్ల్యూపీఏ2 ఉండాలి. ఉన్న చివరి అప్‌డేట్ ఎక్కించండి. ఇది మందు కాదు, కట్టు మాత్రమే.

కాస్త టెక్నికల్‌గా ఆసక్తి ఉన్నవాళ్లకి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కంపెనీ వదిలేసిన కొన్ని రూటర్లకి అది మళ్లీ ప్రాణం పోస్తుంది. కానీ మీ మోడల్, మీ వెర్షన్ వాళ్ల లిస్టులో ఉంటేనే. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న చవక రూటర్లకి ఇప్పటి వెర్షన్లు రావు. నా తెల్ల డబ్బా అదే బాపతు. తప్పుది ఎక్కిస్తే డబ్బా ఇటుకైపోతుంది, జాగ్రత్త.

కొత్త రూటర్ కొనేముందు

యాంటెన్నాలు లెక్కపెట్టి కొనొద్దు. నేను చూసేవి నాలుగు. వైఫై 6, డబ్ల్యూపీఏ3 ఉండాలి. డ్యూయల్ బ్యాండ్ ఉండాలి: 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది కానీ నెమ్మది, 5 గిగాహెర్ట్జ్ స్పీడు కానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. మా ఇంటిలాగా మందపాటి రాతి గోడలున్నవాళ్లకి ఇది ముఖ్యం. మూడోది గిగాబిట్ పోర్టులు. నాలుగోది అందరూ మర్చిపోయేది: ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు?

దీనికి ఒక చిట్కా చెప్తా. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఇలాంటి డబ్బాలు అమ్మే కంపెనీ కనీసం ఎప్పటిదాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుందో తేదీతో చెప్పాలి. అన్ని డబ్బాలకీ ఒకే సులువైన పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం కూడా అక్కడ కుదరదు. కాబట్టి మీరు కొనాలనుకున్న మోడల్ అక్కడ కూడా అమ్ముతుంటే, ఆ కంపెనీ బ్రిటన్ సైట్‌లో తేదీ చూసుకోండి. ఆన్‌లైన్‌లో సగం ధరకే వస్తోందని ఇంకో ఏడాదిలో రిటైరయ్యేదాన్ని కొనకండి. సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకా జాగ్రత్త, నా బుద్ధి చూశారుగా.

మార్చే రోజు ఒక వరుస పాటించండి. పాత రూటర్ పీకకముందే, అందులోని పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ దగ్గరుందో లేదో చూసుకోండి. చాలా కనెక్షన్లకి అది ఉంటేనే నెట్ వస్తుంది. లేకపోతే ముందే కేబుల్ ఆయన్ని అడిగి రాసిపెట్టుకోండి, ఆదివారం ఆయన ఫోన్ ఎత్తడు. కొత్త రూటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెడితే ఇంట్లో ఫోన్లు, టీవీ చాలావరకు వాటంతటవే కలుస్తాయి. అమ్మ "నాకు నెట్ రావట్లేదు" అని పిలవదు. కానీ ఆ పాస్‌వర్డ్ వీధి మొత్తానికీ తెలిసిపోయి ఉంటే మాత్రం ఈ సందర్భంలోనే మార్చేయండి. చుట్టాలకి గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

కరెంటు సంగతి. రూటర్‌కి చిన్న మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు అడాప్టర్ మీద ఏం రాసుందో చూడండి, 12 వోల్టులా, 9 వోల్టులా అని. వోల్టులు సరిగ్గా అదే ఉండాలి, ఆంప్స్ అంతకు తగ్గకూడదు. ఓఎన్‌టీ వేరే ఉంటే దానికీ కరెంటు కావాలి. రూటర్ ఒక్కటే వెలిగి, ఓఎన్‌టీ ఆరిపోతే లాభం లేదు.

బ్యాకప్ అంటే రెండో కాపీ

ఇప్పుడు అసలు విషయం. నేను చేసిన తప్పు చవక డబ్బా కొనడం కాదు. ఒకే ఒక్క కాపీని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చి, దానికి బ్యాకప్ అని పేరు పెట్టుకోవడం. ఫోన్‌లో డిలీట్ కొట్టిన క్షణమే అది బ్యాకప్ కాకుండా పోయింది.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది, 3-2-1. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట. మన భాషలో చెప్పాలంటే: ఒకటి ఫోన్‌లో, ఒకటి యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. డిస్క్‌ని కాపీ చేసేటప్పుడు మాత్రమే తగిలించి, తర్వాత పీకి బీరువాలో పెట్టండి. పీకేసిన డిస్క్‌ని ఇంటర్నెట్ నుంచి ఎవడూ తుడవలేడు, కరెంటు కోత కూడా దాన్నేం చేయలేదు. అందుకే రూటర్, బ్యాకప్ రెండూ ఒకే డబ్బాలో ఉండే వస్తువు నేనైతే కొనను. రూటర్ రిటైరైతే బ్యాకప్ కూడా దాంతోపాటే ఇంటికెళ్తుంది.

క్లౌడ్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎంతైనా పెట్టుకోవడం 2021 జూన్ 1తో అయిపోయింది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి 15 జీబీ. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోంచే పోతుంది. రెండేళ్లు వాడని అకౌంట్‌ని గూగుల్ తీసేయొచ్చు కూడా. తాతయ్య పేరు మీద అకౌంట్ ఉంటే అప్పుడప్పుడు లాగిన్ అవ్వండి. ఇంకో ముఖ్యమైన మాట: గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ కొడితే క్లౌడ్‌లో కూడా పోతుంది. ఫోన్‌లో జాగా కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" వాడండి.

పాత బ్యాకప్ డబ్బా ఇంకా పనిచేస్తుంటే, దాన్ని మార్చే ముందు మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, పది ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ కాపీ కాదు. డబ్బా పోయి డిస్క్ బాగుందనుకోండి, తీసి ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే విండోస్ "ఫార్మాట్ చేయాలి" అని అడగొచ్చు. నొక్కొద్దు! ఆ డబ్బాల్లో చాలావాటికి లినక్స్ పద్ధతిలో రాసిన డిస్కులుంటాయి, విండోస్‌కి అది అర్థం కాదు, అంతే. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి చూస్తే చాలాసార్లు ఫైళ్లు కనిపిస్తాయి. టక్ టక్ అని శబ్దం వస్తుంటే మాత్రం వెంటనే ఆఫ్ చేసేయండి. నేను నాలుగైదుసార్లు ఆన్ చేసి చూశా. అది ఇంకా చెడగొట్టడమే.

ఇక పాత రూటర్. పారేసే ముందు రీసెట్ చిల్లులో పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టండి, మీ పాస్‌వర్డులన్నీ పోతాయి. చెత్తకుప్పలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

చివరిగా

సంవత్సరీకం రోజు ఏం చేశామో చెప్పలేదు కదా. ముందురోజు సాయంత్రం మా మేనత్త త్రిపురాంతకం నుంచి వచ్చింది. విషయం చెప్తే, "ఒరే అబ్బయ్యా, నువ్వు అప్పుడు నాకు వాట్సాప్‌లో పంపలా?" అంటూ ఫోన్ తీసింది. పగిలిన స్క్రీన్, పాత ఫోన్. అందులో నలభై సెకన్ల ముక్క ఉంది, పదకొండు నిమిషాల్లోంచి నేను కత్తిరించి పంపింది. వాట్సాప్ నలిపేసింది కాబట్టి బొమ్మ మసక. మాట మాత్రం స్పష్టంగా ఉంది. పలక అంచులు అరగదీసేటప్పుడు చేతులు ఎలా కోసుకుపోయేవో అవ్వ చెప్తూ నవ్వుతోంది. మర్నాడు టీవీలో దాన్నే పెట్టాం. నాన్న మళ్లీ పెట్టమన్నారు. నాలుగుసార్లు పెట్టాం.

ఇప్పుడా ముక్క నా దగ్గర మూడు చోట్ల ఉంది. మిగతా పది నిమిషాలు ఎక్కడా లేవు.

ఈ ఎపిసోడ్ అయిపోగానే లైక్ తర్వాత కొట్టండి గానీ, ముందు ఒక పని చేయండి. రూటర్ తిరగేసి స్టిక్కర్ ఫొటో తీయండి. తర్వాత ఫోన్‌లో పోతే మళ్లీ తీయలేని వీడియో ఒక్కటి వెతికి, ఈ రాత్రే ఇంకో చోట కాపీ పెట్టండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ తగ్గదు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!